గాలి చొరబడదనుకున్న గొట్టం: సముద్రంలో ఉక్కు పునాదులు, వాటి తుప్పు

సముద్రంలో ఒక ఉక్కు గొట్టాన్ని నిలువుగా పాతారనుకోండి. కొంత ఇసుకలో, కొంత నీళ్లలో, కొంత గాలిలో ఉంటుంది. పాతికేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఎక్కడ ఎక్కువ తుప్పు పట్టి ఉంటుంది? ఎవర్నడిగినా దాదాపు ఒకటే జవాబు, "నీళ్లలో మునిగిన చోట". విశాఖ బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మాత్రం కాస్త ఆగి ఆలోచిస్తారు. వాళ్ల బాల్కనీ గ్రిల్లూ, ఏసీ బయటి యూనిటూ ఏనాడూ సముద్రంలో మునగలేదు. అయినా నాలుగేళ్లు తిరక్కుండానే పొరలు పొరలుగా రాలిపోవడం కళ్లారా చూశారు.

వాళ్ల అనుమానం సరైనదే. నీళ్లలో పూర్తిగా మునిగిన ఉక్కు కంటే అల తగిలి తడిసి, ఎండకి ఆరి, మళ్లీ తడిసే ఉక్కు ఎక్కువ తుప్పు పడుతుంది. ఇంజనీర్లు ఆ భాగాన్ని స్ప్లాష్ జోన్ అంటారు. అయితే ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న చోటు అదీ కాదు. యూరప్ పక్కనున్న ఉత్తర సముద్రంలో (నార్త్ సీ) గాలిమరల కింద పాతిన గొట్టాల్లో అసలు తలనొప్పి ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట మొదలైంది. అది గొట్టం లోపలి గోడ. బయటి గోడకి పెయింటు వేశారు, ఉక్కు బదులు తాము కరిగే అల్యూమినియం దిమ్మెలు కట్టారు, లెక్కలు కట్టారు. లోపలికి మాత్రం పైన మూత బిగించి, గాలి ఆడదు కాబట్టి తుప్పూ పట్టదని ఊరుకున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ముందు ఆ గొట్టం ఏమిటో చూద్దాం. దాని పేరు మోనోపైల్. అడుగూ మూతా లేని భారీ ఉక్కు గొట్టం. మందపాటి ప్లేట్లను చక్రాల్లా చుట్టి, ఒకదానిమీద ఒకటి పెట్టి వెల్డింగ్ చేస్తారు. దాన్ని ఓడమీద తీసుకెళ్లి, హైడ్రాలిక్ సుత్తితో సముద్రం అడుగున ఇరవై ముప్ఫై మీటర్ల లోతుకి దిగగొడతారు. దానిమీద పసుపురంగు వేసిన మరో గొట్టం తొడుగుతారు. అది ట్రాన్సిషన్ పీస్. దానిమీద టవరు, ఆపైన మర. డెన్మార్క్ పశ్చిమ తీరంలో 2002లో పూర్తయిన హార్న్స్ రెవ్ 1లో ఇలాంటివి 80 ఉన్నాయి. ఒక్కో మర 2 మెగావాట్లది, ఒక్కో మోనోపైల్ వ్యాసం దాదాపు 4 మీటర్లు. ఇప్పుడు వేస్తున్నవి 8 మీటర్లు, 10 మీటర్లు దాటిపోయాయి. అంత వ్యాసమున్నా గోడ మందం మాత్రం మిల్లీమీటర్లలోనే. చాలావాటిలో 60 నుంచి 100 మధ్య ఉంటుంది. అంటే జానెడు మందం కూడా లేదు. అందులోంచి తుప్పు ఎంత తీసుకుపోతుందన్నదే లెక్క.

తుప్పు అంటే ఒక చిన్న బ్యాటరీ

ఇనుముకి తుప్పు పట్టడాన్ని మనం కర్ర చీకిపోవడంలా ఊహించుకుంటాం. నిజానికి అది కరెంటు వ్యవహారం. ఉక్కు ఉపరితలం మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీళ్లలోకి కరిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోంచే పక్కకి వెళ్లి, అక్కడి నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని కలుస్తాయి. ఉప్పునీరు కరెంటుకి మంచి వాహకం కాబట్టి సర్క్యూట్ సులువుగా పూర్తవుతుంది. ఇనుము, ఆక్సిజన్, ఉప్పునీరు మూడూ ఒకచోట కలిస్తే బ్యాటరీ నడుస్తూనే ఉంటుంది. ఏ ఒక్కటి తీసేసినా ఆగిపోతుంది. గొట్టం లోపల తుప్పు పట్టదన్న నమ్మకం ఇక్కడినుంచే వచ్చింది. ఆక్సిజన్ తీసేస్తే పని అయిపోయినట్టే కదా!

ఒక ఆంపియర్ కరెంటు ఏడాదిపాటు ఇలా నడిస్తే సుమారు 9 కిలోల ఇనుము కరిగిపోతుంది. ఎంత కరెంటుకి ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే సూత్రం ప్రకారం ఎవరైనా కట్టుకోగల లెక్క ఇది.

స్ప్లాష్ జోన్‌లో బ్యాటరీ జోరుగా నడవడానికి కారణం ఊహించవచ్చు. ఉక్కు మీద ఎప్పుడూ పల్చటి నీటిపొర ఉంటుంది, ఆ పొరలోకి గాలిలోని ఆక్సిజన్ ఇట్టే దిగిపోతుంది. ఎండ తగిలితే నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. పట్టిన తుప్పు పొర కాస్త అడ్డుగా నిలబడదామనేలోపు అల వచ్చి దాన్ని ఊడగొడుతుంది. నార్వేకి చెందిన డీఎన్‌వీ సంస్థ నియమావళి ఈ జోన్‌లో బయటి గోడకి, చల్లటి సముద్రాల్లో ఏడాదికి 0.3 మిల్లీమీటర్లు, మనలాంటి వేడి సముద్రాల్లో 0.4 మిల్లీమీటర్లు తుప్పుకి వదిలేసుకోమంటుంది. పాతికేళ్లకి లెక్కేస్తే మన సముద్రంలో 10 మిల్లీమీటర్లు. అంత మందం ముందే ఎక్కువ వేసి పెట్టుకోవాలన్నమాట. దర్జీ పిల్లల బట్టలకి లోపల గుడ్డ మడిచి వదిలిపెట్టినట్టు.

కొంచెం కిందికి వస్తే ఓ వింత ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా తీరాన క్యూర్ బీచ్ దగ్గర ఫ్రాన్సిస్ లాక్ అనే తుప్పు శాస్త్రవేత్త ఎన్నో ఏళ్లు ఉక్కు పలకల్ని సముద్రంలో వేలాడదీసి చూశాడు. విడివిడి ముక్కలుగా వేలాడదీస్తే ఆటుపోట్ల మధ్య ఉన్న ముక్కలు బాగా తుప్పుపట్టాయి. అదే పైనుంచి కిందిదాకా ఒకే పొడవాటి పట్టీ పెడితే ఆటుపోట్ల మధ్య భాగం తేలిగ్గా బయటపడింది. దానికి కాస్త కింద, ఎప్పుడూ నీళ్లలో ఉండే భాగం దెబ్బతింది. పైభాగానికి ఆక్సిజన్ పుష్కలంగా అందుతుంది కాబట్టి అది ఎలక్ట్రాన్లు తీసుకునే వైపు అయింది. కింది భాగం ఎలక్ట్రాన్లు ఇచ్చే వైపు, అంటే కరిగే వైపు అయింది. పొడవాటి గొట్టం విషయంలో ఒక చోటి తుప్పు ఇంకో చోటి గాలిమీద ఆధారపడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, గొట్టం లోపలికి వెళ్లినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఓడకి రాగి, రాగికి ఇనుము

నీళ్లలో మునిగిన భాగాన్ని కాపాడే ఉపాయం రెండువందల ఏళ్ల పాతది. అప్పట్లో బ్రిటిష్ యుద్ధనౌకల చెక్క అడుగుకి రాగిరేకు కొట్టేవారు. ఆ రాగి సముద్రంలో త్వరగా పాడవుతోందని నౌకాదళం రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగింది. ఆయన 1824లో చెప్పిన చిట్కా సింపుల్: రాగికి ఆనించి కొంచెం ఇనుమో జింకో పెట్టండి, కరగాల్సిందేదో అదే కరుగుతుంది. సమరాంగ్ అనే నౌక మీద ప్రయత్నిస్తే రాగి నిక్షేపంగా ఉంది. కానీ ఓడల వేగం తగ్గిపోయింది! రాగి కొద్దికొద్దిగా కరుగుతున్నంతకాలం ఆ విషానికి గుల్లలూ నాచూ అంటుకునేవి కావు. రాగి కరగడం ఆగిపోగానే ఓడ అడుగున కాలనీ వెలిసింది. నౌకాదళం ఆ ఇనపముక్కల్ని తీయించేసింది. తుప్పు మీద పనిచేసేవాళ్లకి ఇది ఇష్టమైన కథ. ఒక చిక్కు విప్పబోతే ఇంకోచోట ముడిపడటం ఈ రంగంలో మామూలే. ఆ ప్రయోగాల్లో డేవీకి సాయపడిన యువకుడే మైకేల్ ఫారడే. పైన చెప్పిన 9 కిలోల లెక్క ఆయన పుణ్యమే.

ఉక్కుకి రాగిలాంటి గొడవ లేదు, నాచు పట్టినా పునాది ఎక్కడికీ ప్రయాణం చేయక్కర్లేదు. కాబట్టి ఇక్కడ డేవీ చిట్కా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈరోజు వాడేది ఎక్కువగా అల్యూమినియంలో కొంచెం జింకు, ఇండియం కలిపిన దిమ్మెలు. వీటిని శాక్రిఫిషియల్ ఆనోడ్లంటారు, తాము కరిగిపోయి ఉక్కుని కాపాడతాయి కాబట్టి ఆ పేరు. మన గీజర్ ట్యాంకులో ఉండే ఆనోడ్ రాడ్డు చేసే పని కూడా ఇదే, అక్కడ సాధారణంగా మెగ్నీషియం వాడతారు. సముద్రపు నీళ్లలో మామూలు ఉక్కు, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ని కొలబద్దగా పెట్టుకుని కొలిస్తే మైనస్ 0.65 వోల్టుల దగ్గర ఉంటుంది. అల్యూమినియం దిమ్మె మైనస్ 1.05 దగ్గర ఉంటుంది. రెంటినీ కలిపితే ఉక్కు వోల్టేజి కిందికి దిగుతుంది. మైనస్ 0.80 దాటి దిగితే క్షేమం అని లెక్క.

ఎంత అల్యూమినియం కావాలి? చేత్తోనే కట్టి చూద్దాం. ఉత్తర సముద్రం లాంటి చోట, పెయింటు లేని ఉక్కుకి పైలోతుల్లో చదరపు మీటరుకి సగటున 0.1 ఆంపియర్ కావాలని డీఎన్‌వీ చెబుతుంది. పాతికేళ్లంటే సుమారు 2,19,000 గంటలు. రెండూ గుణిస్తే 21,900 ఆంపియర్-అవర్లు. కిలో అల్యూమినియం డిజైన్ లెక్కలో 2,000 ఇస్తుంది. అందులోనూ చివరిదాకా వాడుకోలేం, ఓ 80 శాతం అనుకుందాం. అంటే చదరపు మీటరుకి దాదాపు 14 కిలోలు. 6 మీటర్ల వ్యాసమున్న గొట్టం 20 మీటర్ల నీళ్లలో ఉంటే తడిసే బయటి గోడ 377 చదరపు మీటర్లు. మొత్తం 5 టన్నుల పైచిలుకు అల్యూమినియం, ఒక్క గొట్టానికి! అందుకే పెయింటు కూడా వేస్తారు. పెయింటు ఉన్నచోట ఆనోడ్ మీద బరువు బాగా తగ్గుతుంది.

మన బంగాళాఖాతం లాంటి వేడి సముద్రంలో ఇదే అంకె 0.07 ఆంపియర్లు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. పైగా ఉక్కు మీద ఎలక్ట్రాన్లు చేరినచోట నీరు క్షారంగా మారి, గీజర్ హీటింగ్ రాడ్డుకి పట్టే తెల్లపొరలాంటిదే ఒకటి కట్టుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాల పొర అది, వేడి నీళ్లలో ఇంకా బాగా కడుతుంది. ఇంట్లో మనం విసుక్కునే పొరే అక్కడ ఇంజనీరుకి ఉచితంగా దొరికిన పెయింటు.

ఒక పరిమితి మాత్రం ఉంది. ఆనోడ్ కరెంటు ప్రయాణించాలంటే మధ్యలో నీరుండాలి. అల వచ్చిపోయే స్ప్లాష్ జోన్‌కి ఆనోడ్ చెయ్యి అందదు. అక్కడ పెయింటూ, ముందే వదిలిపెట్టుకున్న మందమే దిక్కు.

మూత బిగించిన లోపల

ఇక గొట్టం లోపలికి పోదాం. పైన మూతలా బిగించిన డెక్కు, కింద ఇసుక, మధ్యలో నిలవ నీరు. ఆ నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని ఉక్కు మొదటి కొన్ని నెలల్లో తినేస్తుంది, తర్వాత తినడానికేమీ ఉండదు, తుప్పు ఆగిపోతుంది. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. అందుకే తొలితరం మోనోపైళ్లలో చాలావాటికి లోపల ఆనోడ్లూ పెట్టలేదు, సరిగా పెయింటూ వేయలేదు.

కానీ మరలో పుట్టిన కరెంటు బయటికి వెళ్లాలి కదా. చేతి మందం కంటే లావైన సముద్రగర్భ కేబుల్ గొట్టం గోడకి చేసిన రంధ్రంలోంచి బయటికి వెళ్తుంది. ఆ రంధ్రం చుట్టూ సీలు వేస్తారు. కేబుల్ అలలకి, ప్రవాహాలకి కదులుతుంటుంది, సీలు వదులవుతుంది. బయట పోటు వచ్చినప్పుడు నీరు లోపలికి చేరుతుంది, పాటు వచ్చినప్పుడు వెనక్కి పోతుంది. లోపలి నీటిమట్టం పెరిగి తగ్గుతున్న ప్రతిసారీ పైనున్న గాలి నొక్కుకుపోయి, మళ్లీ సాగుతుంది. డెక్కు చుట్టూ ఉన్న సందుల్లోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. బిగించిన గొట్టం కాస్తా రోజుకి రెండుసార్లు ఊపిరి పీల్చే గొట్టం అయింది. పైగా తనిఖీకి వచ్చిన ప్రతిసారీ మనుషులు మూత తెరుస్తారు. ఆక్సిజన్ సరఫరా ఎప్పుడూ పూర్తిగా ఆగనేలేదు.

ఇప్పుడు లాక్ పట్టీని గుర్తుచేసుకోండి. నీటిమట్టం దగ్గర ఆక్సిజన్, అడుగున ఆక్సిజన్ లేని నిలవనీరు, రెండింటినీ కలుపుతూ ఒకే ఉక్కు గోడ. తుప్పు గోడంతా సమానంగా పరుచుకోకుండా కొన్నిచోట్ల గుంటలు గుంటలుగా దిగుతుంది. అడుగున బురదలో సల్ఫేట్‌ని తిని బతుకుతూ ఉక్కుకి తుప్పు పట్టించే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు సరికదా, ఆక్సిజన్ లేకపోతేనే సుఖం. అది వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు ఆ వాసనని పసిగట్టడం మానేస్తుంది, అదే అసలు ప్రమాదం. అందుకే మూత తెరిచేముందు గ్యాస్ మీటరు లోపలికి దించి చూస్తారు. ఆక్సిజన్ ఎంత, విషవాయువు ఎంత, మండే వాయువు ఎంత అని చూశాకే మనిషి తాడుతో దిగుతాడు. మన ఊళ్లలో మ్యాన్‌హోల్‌లోకి మనుషుల్ని ఉత్తచేతులతో దించే అలవాటు గుర్తొస్తే కడుపులో దేవినట్టవుతుంది, అది వేరే కథ.

తుప్పు కనబడ్డాక చేసిన మొదటి పని ఊహించగలిగేదే. బయట పనిచేసిన అల్యూమినియం దిమ్మెల్ని తాళ్లు కట్టి లోపల వేలాడదీశారు. అక్కడ డేవీ కథ మళ్లీ నడిచింది. అల్యూమినియం కరిగినప్పుడు దాని అయాన్లు నీటితో కలిసి హైడ్రాక్సైడ్‌గా మారతాయి, ఆ క్రమంలో ఆమ్లం విడుదలవుతుంది. బయటి సముద్రంలో అయితే అల వచ్చి దాన్ని కడిగేస్తుంది, సముద్రానికి అదో లెక్కా? మూసిన గొట్టంలో నీరు మారదు. రోజురోజుకీ పీహెచ్ పడిపోతుంది. ఆమ్లపు నీళ్లలో ఆ తెల్లటి రక్షణపొర కట్టదు, కట్టినా కరిగిపోతుంది. పొర లేకపోతే ఉక్కు ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతుంది, ఆనోడ్లు ఇంకా వేగంగా కరుగుతాయి, నీరు ఇంకా పుల్లబడుతుంది. ఉక్కు మీద హైడ్రోజన్ కూడా పుడుతుంది, మూత కింద పోగయితే అది మండే వాయువు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. దిమ్మెల బదులు బయటినుంచి కరెంటు ఇచ్చి ఉక్కుని కాపాడే పద్ధతి పెడదామంటే, సముద్రపు నీళ్లలో దాని ఆనోడ్ దగ్గర క్లోరిన్ పుడుతుంది. మూసిన గదిలో అదీ మంచిది కాదు.

దీనికి పరిష్కారం చెబితే నవ్వొస్తుంది. గాలీ నీరూ చొరబడకూడదని ఇంత తాపత్రయపడిన గొట్టానికి కావాలనే రంధ్రాలు పెట్టడం! నీటిమట్టానికి కింద కొన్ని రంధ్రాలుంటే ఆటుపోట్లకి నీరు మారుతుంది, ఆమ్లం కొట్టుకుపోతుంది, ఆనోడ్లు బయటిలాగే పనిచేస్తాయి. ఆక్సిజన్ వస్తుందని ఒప్పేసుకుని, దాన్ని ఎదుర్కొనే లెక్క వేసుకోవడమన్నమాట. కొత్త డిజైన్లలో చాలావాటిలో ఈ రంధ్రాలు మొదట్నుంచే ఉంటున్నాయి. తుప్పు ఇంజనీరు సంతోషించాడు. స్ట్రక్చరల్ ఇంజనీరు మొహం చిట్లించాడు.

రంధ్రం దగ్గర తగాదా

ఆయన చిరాకుకి కారణం ఉంది. లాగుతున్న పలకకి మధ్యలో గుండ్రటి రంధ్రం పెడితే, దాని అంచున ఒత్తిడి మిగతా పలకలో ఉన్నదానికి మూడు రెట్లవుతుంది. మోనోపైల్ అసలు బాధ బరువు మోయడం కాదు, వంగడం. పైన గాలి తోస్తుంది, కింద అల తోస్తుంది. గొట్టం అటూ ఇటూ కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది. సగటున ఆరు సెకన్లకి ఒక అల అనుకున్నా పాతికేళ్లలో 13 కోట్ల సార్లు. మేస్త్రీలు బైండింగ్ వైరు తెంపడానికి కట్టింగ్ ప్లేయర్ కోసం వెతకరు, రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. ఇక్కడ వంపు కంటికి కనిపించదు, లెక్క మాత్రం కోట్లలో. దీన్ని ఫెటీగ్ అంటారు. లోహానికి అలసట.

గాలిలో ఉన్న ఉక్కుకి ఒక సదుపాయం ఉంది. వంపు చాలా చిన్నదైతే ఎన్నిసార్లు వంచినా దాదాపు ఏమీ కాదు. ఉప్పునీళ్లలో, రక్షణ లేకుండా తుప్పుపడుతున్న ఉక్కుకి ఆ రాయితీ లేదు. ప్రతి చిన్న వంపూ ఖాతాలో పడుతుంది. డిజైన్ నియమాల ప్రకారం పెద్ద వంపులకి కూడా దాని ఆయుష్షు గాలిలో ఉన్నప్పటి దానిలో మూడో వంతుకి పడిపోతుంది. తుప్పు గుంట ఒక్కొక్కటీ ఒక చిన్న గాటు, పగులు మొదలవ్వడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మందం తగ్గడం వల్ల నష్టం కూడా మనం అనుకునేదానికంటే ఎక్కువే. 60 మిల్లీమీటర్ల గోడలో 6 మిల్లీమీటర్లు పోయాయనుకుందాం. పది శాతమే కదా అనిపిస్తుంది. మిగిలిన ఉక్కు మీద ఒత్తిడి సుమారు 11 శాతం పెరుగుతుంది. ఫెటీగ్ ఆయుష్షు ఒత్తిడికి మూడో ఘాతంలో తగ్గుతుంది, చిన్న వంపుల దగ్గర ఐదో ఘాతంలో. లెక్క కడితే మొదటిదాంట్లో 27 శాతం ఆయుష్షు పోయింది, రెండోదాంట్లో 41 శాతం. పది శాతం మందానికి నలభై శాతం ఆయుష్షు! ఈ లెక్క చూశాక "కాస్త తుప్పే కదా" అనడానికి నాకు నోరు రాదు.

ఉక్కు అలసట ఎంత చిన్నచోట మొదలవుతుందో చెప్పడానికి ఉత్తర సముద్రంలో మరవలేని ఉదాహరణ అలెగ్జాండర్ కీలాండ్. అది సముద్రంలో తేలే ప్లాట్‌ఫాం, పాతిన పునాది కాదు. 1980 మార్చి 27 సాయంత్రం తుఫానులో దాని ఒక కాలు విరిగి, ఇరవై నిమిషాల్లోపే తలకిందులైంది. అందులో ఉన్న 212 మందిలో 123 మంది చనిపోయారు. విరిగిన ఉక్కు గొట్టాన్ని పరిశీలిస్తే, నీటి అడుగున శబ్దాలు వినే హైడ్రోఫోన్ అనే చిన్న పరికరాన్ని తగిలించడానికి వేసిన ఆరు మిల్లీమీటర్ల వెల్డింగ్ దగ్గర పగులు మొదలైందని తేలింది. పగులు లోపల పెయింటు మరకలు కూడా కనబడ్డాయి. అంటే ప్లాట్‌ఫాం సముద్రంలోకి రాకముందే, యార్డులో పెయింటు వేసేనాటికే అక్కడ పగులుంది. బరువు మోసే పనితో సంబంధమే లేని వెల్డింగ్ అది. అందుకే ఇప్పుడు ఆనోడ్ దిమ్మెని గొట్టానికి వెల్డింగ్ చేయాలన్నా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కావాలి. వీలైనంతవరకు మోనోపైల్ మీద నేరుగా వేయకుండా ట్రాన్సిషన్ పీస్ కింది అంచుకో, విడిగా తొడిగే చట్రానికో ఆనోడ్లు కడతారు. కేబుల్ రంధ్రాన్నీ, నీరు మారే రంధ్రాల్నీ వెల్డింగ్ అతుకులకి దూరంగా, వంపు తక్కువగా ఉండే ఎత్తులో పెట్టి, అంచుల్ని నున్నగా గ్రైండింగ్ చేస్తారు. ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇద్దరు ఇంజనీర్లూ గంటలకొద్దీ వాదించుకుంటారు.

గ్రౌట్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ విషయం అసంపూర్తిగా ఉంటుంది. తొలితరంలో మోనోపైల్‌కీ, దానిమీద తొడిగిన ట్రాన్సిషన్ పీస్‌కీ మధ్య సందులో సిమెంటు లాంటి గ్రౌట్ పోసేవారు. రెండూ నున్నటి గొట్టాలే, గ్రౌట్ పట్టే బలం మీదే మొత్తం భారం. 2009 ప్రాంతంలో తనిఖీల్లో చాలాచోట్ల పై గొట్టం మెల్లగా కిందికి జారుతున్నట్టు కనిపించింది. చిన్న వ్యాసం గొట్టాల ప్రయోగాల ఆధారంగా రాసిన ఫార్ములాని పెద్ద వ్యాసానికి వర్తింపజేశారు. గొట్టం వంగినప్పుడల్లా గ్రౌట్‌కీ ఉక్కుకీ మధ్య సందు తెరుచుకుని, నీరు దూరి, గ్రౌట్ పొడిపొడి అవుతోంది. డీఎన్‌వీ నియమాలు మార్చింది. కొత్తవాటికి కాస్త శంఖువులా వాలు ఉన్న గొట్టాలో, ఉక్కు మీద ఉబ్బెత్తు గట్లో పెట్టమంది. పాతవాటిలో చాలావాటికి లోపల బ్రాకెట్ల కింద రబ్బరు బేరింగులు పెట్టి బరువు ఆన్చారు. ఆ తర్వాత చాలామంది గ్రౌట్ గొడవే వద్దని పెద్ద బోల్టులతో బిగించే అంచులకి (ఫ్లాంజి) మారిపోయారు.

మన తీరంలో గాలిమరల మోనోపైళ్లు ఇంకా లేవు కానీ, సముద్రంలో ఉక్కు కాళ్లు కొత్తవి కావు. కోనసీమ తీరంలో సురసాని యానాం ఎదురుగా రవ్వ చమురు క్షేత్రం ప్లాట్‌ఫాంలు దశాబ్దాలుగా నిలబడి ఉన్నాయి. వాటి కింద ఉండేది జాకెట్, అంటే సన్నటి గొట్టాలతో అల్లిన చట్రం. బరువూ వంపూ ఎన్నో గొట్టాల మధ్య పంచుకుంటాయి. అక్కడ తుప్పు కన్నా గొట్టాలు కలిసే అతుకుల దగ్గర అలసటే ఎక్కువ కలవరపెడుతుంది. గోదావరి వరద సీజనులో తీరం దగ్గర నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఉప్పు తగ్గితే నీళ్లలో కరెంటు ప్రయాణం కష్టమవుతుంది, ఆనోడ్ల లెక్కలో అదీ చూసుకోవాలి. ఇక గాలిమరల విషయానికొస్తే, గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల కోసం కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. గుజరాత్ వైపు ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్ల తేడాకి పేరుపడ్డది. తేడా ఎంత ఎక్కువుంటే తడిసి ఆరే పట్టీ అంత వెడల్పు, ఏడాదికి 0.4 మిల్లీమీటర్లు వదిలేసుకోవాల్సిన భాగం అంత పొడుగు. పైగా మన వేడికి గొట్టం లోపలి గోడకి వదలాల్సిన మందం కూడా నియమావళిలో యూరప్‌కి రెట్టింపు: అక్కడ ఏడాదికి 0.1, ఇక్కడ 0.2 మిల్లీమీటర్లు.

గొట్టం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి వాడే సాధనాల్లో నాకు నచ్చినది అన్నిటికంటే చవకైనది. అదే రకం ఉక్కుతో అరచేతంత పలకలు కోసి, బరువు తూచి, నంబరు కొట్టి, ఒక తాడుకి వేర్వేరు ఎత్తుల్లో కట్టి లోపల వేలాడదీస్తారు. నీటిమట్టం దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, బురదకి కాస్త పైన ఒకటి. ఏడాది తర్వాత మూత తెరిచి, గ్యాస్ మీటరు దించి చూసి, తాడు పైకి లాగుతారు. పలకల్ని ఆమ్లంతో కడిగి తుప్పు తీసేసి మళ్లీ తూస్తారు. ఎన్ని గ్రాములు తగ్గిందో రాసుకుని, కొత్త పలకలు కట్టి, మూత బిగించి వెళ్తారు.